మనోనోకు రెండు టికెట్లు

కోరుట్ల బస్టాండు దగ్గరి ట్రావెల్ ఆఫీసులో శ్రీలత పని చేస్తుంది. ఆమె తీసిన టికెట్ల మీద దుబాయికి, మస్కట్‌కు, దోహాకు పోయినవాళ్లందరినీ ఒకచోట చేరిస్తే ఒక పెద్ద ఊరవుతుంది. అందరూ పనికి పోయినవాళ్లే. లేకపోతే పెళ్లికో చావుకో సెలవు మీద వచ్చి మళ్లీ పోయినవాళ్లు. ఊరికే చూసి రావడానికి విమానం ఎక్కుతానని ఆ ఆఫీసు మెట్లెక్కిన మనిషి ఆమెకు గుర్తు లేడు. అందుకే ఆ రోజు తండ్రి దావీదు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఆమె ఎదురు కుర్చీలో కూర్చుని రెండు టికెట్లు కావాలన్నప్పుడు, ఎవరి కోసమో అడుగుతున్నాడనుకుంది.

“ఎక్కడికి బాపూ?”

“సమోవా. ఆడికెళ్లి పడవ మీద పోతే మనోనో అని చిన్న దీవి ఉంటది.”

శ్రీలత టైపు చేయబోయి ఆగింది. ఈ వయసులో మళ్లీ పనికి పోతానంటున్నాడేమో అనుకుంది. ఆమె చిన్నతనమంతా ఆయన దుబాయిలోనే ఉన్నాడు. ఒక స్పోర్ట్స్ క్లబ్బు వంటింట్లో పని. ఆమెకు తెలిసిన నాన్న అప్పట్లో ఫోన్లో గొంతు మాత్రమే.

“పనికి గాదు బిడ్డా,” అన్నాడు దావీదు, ఆమె ముఖం చూసి. “ఊకెనే. సముద్రం చూసి అద్దామని. మీ అవ్వను తీస్కపోత.”

దుబాయి వదిలి వచ్చాక దావీదు కోరుట్లలోనే ఇల్లు తీసుకుని ఫంక్షన్లకు వంటలు చేస్తున్నాడు. ఆయన మాటల్లో యోహాను అనే పేరు దొర్లని వారం ఉండదు. యోహాను అంటే ఆ క్లబ్బులో పిల్లలకు రగ్బీ ఆట నేర్పిన సమోవా మనిషి. అసలు పేరు ఇయోనె. అది బైబిల్లోని యోహానే అని తెలిసిన రోజు నుంచి దావీదు అలాగే పిలిచాడు. ఇద్దరూ క్లబ్బు వెనకాల పక్కపక్క గదుల్లో ఉండేవారు. శుక్రవారం దావీదు తెలుగు ప్రార్థనకు పోతే యోహాను కూడా పోయి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా పాడేవాడు. దావీదు లుంగీ చూసి, మా దేశంలో మగవాళ్లూ ఇదే కట్టుకుంటారని ఒకటి అడిగి తీసుకున్నాడు. తన దేశానికి తిరిగిపోయాక సముద్రం ఒడ్డున అతిథుల కోసం గోడలు లేని గుడిసెలు వేశాడు. ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేసి, ఒకటి మీ ఇద్దరి కోసమే ఉంచాను, ఎప్పుడొస్తారని అడిగేవాడు. దావీదు ప్రతిసారీ వచ్చే ఏడు అనేవాడు. ఈ ఏడు అలా అనలేదు.

శ్రీలత దారి వెతకడం మొదలుపెట్టింది. ఆఫీసు కంప్యూటర్లో మ్యాపు ఎప్పుడూ పడమటికే జరిగేది. ఇప్పుడు తూర్పుకు జరిపితే సింగపూర్ వచ్చింది, ఇంకా జరిపితే ఫిజీ వచ్చింది, ఆ తర్వాత నీలం తప్ప ఏమీ లేని చోట సమోవా చుక్కల్లా కనిపించింది. ఓనరు జనార్దన్ ఆమె భుజం మీదుగా చూసి, గీడికి మన దిక్కెల్లి ఎవరు పోయిండ్రని నవ్వాడు. కానీ సాయంత్రం ఇంటికి పోయేముందు తనే కూర్చుని, ఎక్కడ ఎంతసేపు ఆగాలో, ఏ దారిన పోతే దారిలో వీసా అక్కర్లేదో చూసిపెట్టాడు.

కష్టమంతా శ్రీలత అవ్వా అని పిలిచే తల్లి సత్తవ్వను ఒప్పించడంలో వచ్చింది. మొగుడు లేని ఏళ్లన్నీ ఆమె కథలాపూర్ దగ్గరి ఊళ్లో బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే బిడ్డను పెంచింది. వేములవాడ దాటి పోయింది తక్కువ. విమానమంటే ఆమెకు మనుషుల్ని తీసుకుపోయే వస్తువు, అంతే. దాని మీద సంతోషం కోసం పోతారంటే నమ్మలేదు. పెద్ద ఊరేం కాదని, మోటారు బండ్లు లేవని, చుట్టూ నడిచి రావచ్చని శ్రీలత చెప్పింది. కుక్కలు కూడా లేవట అంటే మాత్రం సత్తవ్వ బీడీ ఆకు కత్తిరించడం ఆపి తలెత్తింది. కుక్కలు లేని ఊళ్లో గోడలు లేని ఇంట్లో ఎట్లా పడుకుంటారని అడిగింది. పొద్దు గుంకే వేళ గంట కొడితే ఊరంతా ఎక్కడివాళ్లక్కడ ప్రార్థనకు కూర్చుంటారని దావీదు చెప్పాడు. అది ఆమెకు నచ్చింది.

నచ్చినట్టు చెప్పలేదు. పాస్‌పోర్టుకు ఎప్పుడు పోవాలని మాత్రం అడిగింది.

పాస్‌పోర్టు పని మీద తల్లీకూతుళ్లు కరీంనగర్ బస్సెక్కారు. జగిత్యాల దగ్గర పడుతుంటే సత్తవ్వ కొంగు తల మీదికి లాక్కుని అటువైపు తిరిగింది. శ్రీలతకు కారణం తెలుసు. ఆమెకు ఆరేళ్లప్పుడు జగిత్యాల దవాఖానలోనే తమ్ముడు పుట్టాడు. నెలలు నిండకముందే పుట్టి, వారం తిరగకముందే పోయాడు. కాన్పుకు ముందే వస్తానన్న దావీదు రాలేదు. కంపెనీ పాస్‌పోర్టు ఇవ్వలేదని, సెలవు రద్దు చేసిందని ఫోన్లో ఏడ్చాడు. పిల్లవాణ్ణి మేనమామ కుమార్ తువ్వాలులో చుట్టి ఊరికి తీసుకుపోయి పూడ్చివచ్చాడు. తల్లి అప్పుడు దవాఖాన మంచం మీదే ఉంది.

“మీ బాపు గప్పుడు ఎంత గోస పడ్డడో,” అంది సత్తవ్వ, బస్సు ఊరు దాటాక. “నేనన్న ఇక్కడ నలుగుర్ల ఉన్న. ఆయన గా దేశంల ఒక్కడే ఏడ్చిండు. గా కంపెనోళ్లకు మంచిగ గాదు.”

ఈ మాట శ్రీలత చిన్నప్పటి నుంచి వింటోంది. తమ్ముడు గుర్తొచ్చినప్పుడల్లా అమ్మ మొదట కంపెనీని తిట్టేది, తర్వాత నాన్న మీద జాలిపడేది. తన కోసం ఏడవడం ఆ రెండింటి తర్వాతే.

పాస్‌పోర్టు వచ్చింది. ఆ తర్వాత సత్తవ్వ మారిపోయింది. ఒక ఆదివారం శ్రీలతను వెంటబెట్టుకుని సిరిసిల్లకు పోయి యోహాను కోసం, అతని భార్య కోసం మంచి నూలు లుంగీలు కొంది. ఆడమనిషికి లుంగీ ఏంటని షాపతను అడిగితే, ఆ దేశంలో ఆడవాళ్లూ కట్టుకుంటారని తనే చూసివచ్చినట్టు చెప్పింది. వచ్చేటప్పుడు బస్సులో, సముద్రం నీళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంటాయా అని బిడ్డను అడిగింది. శ్రీలత కూడా సముద్రం చూడలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

యోహానుతో వీడియోలో మాట్లాడిద్దామన్న ఆలోచన శ్రీలతదే. ఇంత దూరం పోతున్నారు, అమ్మ ఒకసారి వాళ్లను చూస్తే భయం పోతుందనుకుంది. దావీదుకు చెబితే ఆయన ఏదో ఒకటి అడ్డం చెప్పాడు. అక్కడ నెట్‌వర్కు ఉండదన్నాడు, యోహానుకు పనులుంటాయన్నాడు, ఎట్లాగూ పోతున్నాంగా అన్నాడు. ఆయన ఎప్పుడూ యోహానుతో డాబా మీదికి పోయి ఒక్కడే మాట్లాడేవాడు. అది పాత స్నేహం, ఏకాంతంగా మాట్లాడుకోవాలనుకుంటాడని ఆమె అనుకుంది. నాన్న ఫోన్లోంచి నంబరు తీసుకుని తనే మెసేజ్ పెట్టింది. ఆదివారం పొద్దున చర్చికి ముందు పెట్టుకుందామన్నారు. అక్కడ అప్పటికి మధ్యాహ్నం దాటుతుంది, సముద్రం బాగా కనిపిస్తుంది.

ఆ ఆదివారం దావీదు మటన్ కోసం బజారుకు పోయినప్పుడు శ్రీలత ఫోన్ కలిపింది. తెర మీద తెల్ల జుట్టు, పెద్ద ముఖం, ఇంకా పెద్ద నవ్వు. వెనకాల పూల గౌను వేసుకున్న భార్య చెయ్యూపింది. సత్తవ్వ కుర్చీలోంచి లేచి నిలబడి చేతులు జోడించింది. యోహాను ఫోన్ పట్టుకుని నడుస్తూ గుడిసె చూపించాడు. తాటాకుల్లాంటి ఆకుల కప్పు, కింద చాపలు, చాపల మీద కొత్త దుప్పట్లు. ఫోన్ అటు తిప్పగానే సముద్రం నిండిపోయింది. సత్తవ్వ ఫోన్‌కు బాగా దగ్గరగా వచ్చి చూసింది. సిరిసిల్ల లుంగీలు విప్పి చూపించింది. యోహాను ఒకటి తన నడుముకు సరిపోదని సైగ చేస్తే పకపకా నవ్వింది. అమ్మ అట్లా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందోనని శ్రీలత అనుకుంది.

అప్పుడే దావీదు వచ్చాడు. చేతిలో మటన్ కవరుతో గుమ్మంలోనే ఆగిపోయాడు. యోహాను ఆయన్ను చూసి ఇంగ్లీషులో గట్టిగా పలకరించి, ఈ ఒక్క మాట నీ భార్యకు చెప్పాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నానని, తెలుగులో చెప్పమని శ్రీలతను అడిగాడు. దావీదు కవరు కింద పెట్టి, లతా ఫోనియ్యి అన్నాడు. ఆమె చేత్తో ఆగమని సైగ చేసి, యోహాను మాట వెంట మాటగా చెప్పుకుపోయింది.

“అవ్వా, ఆయన దుబాయిల ఉన్నప్పుడు కడుపుల పేగు పగిలిందట. బతుకుడు కష్టం అన్నరట. ఆయన తరపున ఎవ్వలు లేరట. బాపు రోజు దవాఖాన్లనే ఆయన పక్కకు కూసున్నడట. తినవెట్టిండట, కడిగిండట. కంపెనీ బాపుకు సెలవిచ్చింది, ఇంటికి అచ్చేటందుకు టికెట్ గూడ...”

అక్కడ ఆగిపోయింది. యోహాను ఆగలేదు. భార్య కాన్పుకు పోవాల్సిన మనిషి నా కోసం ఉండిపోయాడు, నా ప్రాణం మీ అమ్మ ఇచ్చిన ప్రాణం అంటున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు. తర్వాత మళ్లీ నవ్వుతూ ఇంకొక మాట అన్నాడు. ఆ మాటకు శ్రీలత నాన్న వైపు చూసింది. దావీదు నేల చూస్తున్నాడు.

“ఆగినవేందే,” అంది సత్తవ్వ. “టికెట్ గూడ?”

“చేతుల ఉండెనట.”

సత్తవ్వ తెర మీది మనిషికి మళ్లీ చేతులు జోడించింది. నెమ్మదిగా లుంగీలు మడత పెట్టింది. శ్రీలత ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు వాళ్లు చర్చికి పోలేదు. సత్తవ్వ అరవలేదు, ఏడవలేదు. మొగుడిని కూర్చోమంది. ఎందుకట్లా చేశావని అడగలేదు. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగింది. అది మొదట చిన్న అబద్ధమేనని దావీదు చెప్పాడు. కాన్పుకు ఇంకా టైముంది, యోహాను కొంచెం లేచి కూర్చోగానే పోదామనుకున్నాడు. సెలవు కొంచెం వెనక్కి పోయిందని చెబితే భార్య దిగులు పడుతుంది, కంపెనీ మీద పెడితే సరిపోతుందనుకున్నాడు. ఇంతలో నొప్పులొచ్చాయి, పిల్లవాడు పోయాడు.

“ఇగ గప్పుడు ఎట్ల చెప్పాలె?” అన్నాడు. “నా కొడుకు సచ్చిపోతున్నప్పుడు పరాయోని మంచం కాడ కూసున్న అని ఏ నోటితోని చెప్పాలె?”

“నువ్వొస్తే వాడు బతికెటోడని నేనంటలేను,” అంది సత్తవ్వ. “గా మనిషిని ఇడిసి రావద్దనే అందునేమో. లేకుంటె అననేమో. గది నాకు గూడ తెల్వదు. నన్ను అడుగలే గద నువ్వు.”

ఆమె లేచి మటన్ కవరు వంటింట్లో పెట్టి వచ్చింది.

“ఇన్నేండ్లు కంపెనీని తిట్టుకుంట బతికిన. నువ్వు పక్కకు కూసోని ఇన్నవు.”

ఆ తర్వాత ఇంట్లో గొడవేమీ జరగలేదు. అన్నం వండింది, పెట్టింది. ఫంక్షన్ ఉంటే ఆయన పోయాడు, వచ్చాడు. మనోనో సంగతి ఆమె ఒక్కసారే ఎత్తింది. నువ్వు పో, ఆ మనిషి ఎదురుచూస్తున్నాడు, నేను రాను అంది. దావీదు తాను ఒక్కడే పోనన్నాడు. శ్రీలత ఆఫీసులో టికెట్లు ఆపేసింది. జనార్దన్ కారణం అడిగితే అమ్మకు బాగాలేదని చెప్పింది. చెప్పాక, మా ఇంట్లో అబద్ధాలన్నీ ఇంత తేలిగ్గానే పుడతాయనుకుంది.

ఆమెకు నిద్రలోనూ ఆ ఆదివారమే. ఫోన్ తాను కలపకపోతే, నాన్న అడిగినప్పుడు ఇచ్చేసి ఉంటే, కనీసం టికెట్ మాట దాటేసి ఏదో ఒకటి కల్పించి ఉంటే. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఎన్ని మాటలైనా అల్లవచ్చు. ఒక సాయంత్రం ఇద్దరే ఉన్నప్పుడు ఆ మాట అడిగేసింది. నేను చెప్పకపోతే బాగుండేదా అవ్వా అంది.

ఆమె కాదంటుందని, నిజం తెలియడమే మంచిదని అంటుందని శ్రీలత ఎదురుచూసింది.

“బాగుండేది,” అంది సత్తవ్వ. ఆ గొంతులో కోపం లేదు. “చెప్పకుంటె నేను గా సముద్రం చూస్తుంటి. మీ బాపు పక్కకు కూసోని చూస్తుంటి.” తర్వాత అడిగింది. “ఆకర్న గాయన ఇంకేదో అన్నడు. నువ్వు చెప్పలే.”

శ్రీలత దాచలేకపోయింది. దావీదు అతనికి కూడా నిజం చెప్పలేదు. పిల్లవాడు పోయాడని తెలిస్తే యోహాను తట్టుకోలేడని, కొడుకు బాగున్నాడనే చెబుతూ వచ్చాడు. ఆ రోజు యోహాను అన్న చివరి మాట అదే. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు, వాణ్ణి కూడా తీసుకురండి, మా వాళ్లతో చేపలు పట్టడానికి పంపుతాను.



“అయితే గాడ వాడు ఇన్నొద్దులు బతికే ఉన్నడన్నట్టు,” అంది సత్తవ్వ.

ఆ మాట శ్రీలత తండ్రికి చెప్పింది. మరుసటి పొద్దున దావీదు డాబా మీదికి పోలేదు. ఇంట్లోనే, భార్య వింటుండగా, యోహానుకు ఫోన్ చేశాడు. తన వంకర ఇంగ్లీషులో అంతా చెప్పాడు. రావడం లేదని చెప్పాడు, ఎందుకో చెప్పాడు. అవతలి నుంచి ఆ పెద్ద మనిషి ఏడుస్తున్న చప్పుడు వచ్చింది. గుడిసె మీ కోసం అట్లాగే ఉంటుంది అని మాత్రం అన్నాడు.

కొన్నాళ్లకు ఒక మెసేజ్ వచ్చింది. ఆదివారం వాళ్ల చర్చిలో ఊరంతా ఆ పిల్లవాడి కోసం ప్రార్థన చేస్తారట, పేరు కావాలని అడిగాడు. దావీదు ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ సంగతి అడగలేదు.

“పోరనికి పేరేమన్న పెట్టినవా?”

సత్తవ్వ పొయ్యి మీంచి గిన్నె దించింది.

“పెట్టలే. నువ్వచ్చినంక పెడ్దామనుకున్న.”

దావీదు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాణ్ణి పెట్టిన చోటికి తీసుకుపోతావా అని అడిగాడు. దుబాయి నుంచి వచ్చిన మొదటిసారి ఆయన అడగలేదు, ఆమె చూపించలేదు. అడిగితే ఆమె ఏడుస్తుందని ఆయన, చూపిస్తే ఆయన ఏడుస్తాడని ఆమె. అట్లాగే ఏళ్లు గడిచిపోయాయి.

మనోనోకు పోవాలనుకున్న రోజుల్లోనే ముగ్గురూ కథలాపూర్ బస్సెక్కారు. వానలు మొదలవుతున్నాయి. రోడ్డు దిగి చేల మధ్య నడిచారు. శ్మశానానికి ఇప్పుడు ప్రహరీ గోడ కట్టారు. ఒక పక్కంతా చదును చేసి ట్రాక్టరు పోయే దారి వేశారు. సత్తవ్వ గేటు దగ్గర నిలబడి చుట్టూ చూసింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె తమ్ముడు కుమార్ ఆమెకు రోడ్డు మీంచే చెయ్యి చాపి చూపించాడు. అప్పుడు అక్కడ ఒక తుమ్మ చెట్టు ఉండేది. ఇప్పుడు తుమ్మ లేదు, కుమార్ కూడా లేడు.

ఆమె కొంత దూరం నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్లీ గోడ పక్కకు పోయింది. శ్రీలత వెంట నడవబోతే దావీదు చెయ్యి పట్టి ఆపాడు.

“గీడనో,” అంది సత్తవ్వ ఒక చోట. కొంచెం అవతలికి పోయి, “గాడనో. తెల్వదు. నాకు గూడ తెల్వదు.”

దావీదు చెప్పులు విడిచి వచ్చి ఆమె చూపిన మొదటి చోట మోకాళ్ల మీద కూర్చున్నాడు. తడి మట్టి మీద అరచెయ్యి పెట్టాడు. పెదవులు కదిలాయి గానీ మాట పైకి రాలేదు. తర్వాత లేచి రెండో చోటికి పోయి అక్కడా అట్లాగే కూర్చున్నాడు. తుంపర మొదలైంది. బస్సుకు వేళవుతోందని శ్రీలత అంది. సత్తవ్వ వినిపించుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఆయన ఎప్పుడు లేస్తాడో అని చూస్తూ ఉండిపోయింది.